వరమహాలక్ష్మి ముందు రెగ్యులేటరు

బళ్ళారి బజారులో సగం ఇళ్ళు తన చేతి మీదుగానే వెలిగాయని వాసవాంబ అంటుంది. అందులో కొంత గొప్ప చెప్పుకోవడం ఉన్నా పూర్తిగా అబద్ధం లేదు. కరెంటు సామాన్ల అంగడిలో, మొగుడు కేశవమూర్తి పక్కన, ముప్పై నాలుగేళ్ళుగా ఆమె రోజూ పది నుంచి ఒంటిగంట దాకా కూర్చుంటుంది. సిరుగుప్పలో బియ్యం వ్యాపారుల ఇంట పుట్టిన పిల్ల. పెళ్ళై వచ్చేనాటికి ప్లగ్గుకూ హోల్డరుకూ తేడా తెలియదు. ఇప్పుడు వైరు చుట్టను చేత్తో ఎత్తి చూసి లోపల ఉన్నది రాగో, రాగి పూతో చెబుతుంది. కన్నడంలో బేరం మొదలుపెట్టినవాడితో కన్నడంలోనే ముగిస్తుంది, ఉర్దూలో గొణిగినవాడికి ఉర్దూలోనే బదులిస్తుంది, తెలుగులో తిట్టినవాణ్ణి మాత్రం ఊరికే వదలదు. బల్బు ఏదైనా సరే, బల్ల మీద వెలిగించి చూపించందే కాగితంలో చుట్టదు.

"చూసుకోప్పా, నీ కండ్ల ముందర వెలిగింది. ఇంటికి పోయినాక వెలగకుంటే మీ వైరింగును అడుగు, నన్నడగొద్దు" అంటుంది.

ఇంతటి మనిషి ఇంట్లో, పోయిన ఏడు వరమహాలక్ష్మి పండగనాడు, అమ్మవారి ముందు ఒక్క సీరియల్ లైట్ల సెట్టు కూడా వేయలేదు. ఊరందరికీ లైట్లమ్మే శెట్టెమ్మ ఇంట్లో లక్ష్మీదేవి నూనె దీపాల వెలుతురులోనే కూర్చుంది. వచ్చిన ముత్తైదువలు అడిగితే, "ఈ తూరి పాత పద్ధతిలో చేస్తామనుకున్నాం" అని వాసవాంబ నవ్వేసింది. ఆ నవ్వు వెనక ఉన్న సంగతి ఇంట్లో ఉండే అయిదుగురికి తప్ప మరెవరికీ తెలియదు.

సంగతి మనవరాలు అనుషది. పద్నాలుగేళ్ళ పిల్ల. రెండేళ్ళ కిందటి దసరాకు వీధి చివర పందిట్లో అమ్మవారిని చూడబోయి, అక్కడ టపటపా కొట్టుకుంటున్న లైట్ల ముందు నిలబడి, నిలబడినట్టే పడిపోయింది. కాళ్ళూ చేతులూ బిగుసుకుని కొట్టుకున్నాయి. డాక్టరు తలకు వైర్లు అంటించి పరీక్ష చేసి, ఇది ఫిట్స్ అనీ, గబగబా ఆరి వెలిగే వెలుతురు ఈ పిల్లకు పడదనీ చెప్పాడు. నిలకడగా వెలిగేదానితో భయం లేదు, కొట్టుకునేదానితోనే. రోజుకు రెండు మాత్రలు. రెండేళ్ళు ఒక్క ఫిట్టూ రాకుండా గడిస్తే మాత్రలు మెల్లగా తగ్గిస్తారు. మధ్యలో ఒక్కసారి వచ్చినా మళ్ళీ మొదటి రోజు నుంచే రెండేళ్ళు. ఇప్పటికి ఇరవై రెండు నెలలు గడిచాయి.

పందిట్లో చూసినవాళ్ళకు, "ఉపవాసం ఉండింది, కండ్లు తిరిగినాయి" అని చెప్పింది వాసవాంబే. డాక్టరు దగ్గర్నుంచి వచ్చిన సాయంత్రం ఇంటిల్లిపాదినీ ఎదురుగా కూర్చోబెట్టి, "ఈ మాట గడప దాటకూడదు. ఆడపిల్ల. రేపు సంబంధాలు చూడల్ల" అని కట్టుదిట్టం చేసిందీ ఆమే. మొగుడు తలూపాడు, కొడుకు నాగేంద్ర తలూపాడు, కోడలు శ్రుతి ఏడుస్తూ తలూపింది. వాసవాంబ మాటకు ఎదురు చెప్పిన చరిత్ర ఆ ఇంట్లో లేదు. పోయిన పండక్కి వచ్చిన ముత్తైదువలందరూ పోయేదాకా పిల్లను మేడ మీద గదిలో కూర్చోబెట్టి, తలనొప్పి అని చెప్పారు.

ఈ ఏడు ఆ పిల్ల ఎదురు తిరిగింది.

"అవ్వా, నేను కిందనే కూచుంటా. తాంబూలాలు నేనే ఇస్తా. లైట్లు కూడా ఎయ్యల్ల. నా వల్ల లక్ష్మికి లైట్లు లేవనేది నాకొద్దు."

"కొట్టుకునే లైట్లు నీకు పడవు కదే?"

"కొట్టుకోనివి ఎయ్యి. లైట్లమ్మేదానివి, నీకు తెలీదా?"

ఆ చివరి మాట వాసవాంబకు ముల్లులా గుచ్చుకుంది. అంగడిలో ఇంకెవరైనా ఆ మాట అని ఉంటే ఏమయ్యేదో గానీ, అన్నది మనవరాలు. సరే అంది.

సరే అనడం తేలికే. సీరియల్ సెట్టుకు అరచేతిలో ఇమిడే చిన్న పెట్టె ఒకటి ఉంటుంది. దాని మీద ఒక బటను. నొక్కినప్పుడల్లా లైట్లు ఒక్కో ఆట ఆడతాయి, మొత్తం ఎనిమిది ఆటలు. ఎనిమిదోది ఆట కాదు, నిలకడగా వెలగడం. అది పెడితే కొట్టుకునే భయం తీరినట్టే. కానీ అమ్మవారి వెనక అద్దాలు, చుట్టూ జరీ చీర, మెరుపు కాగితాలు. అన్ని లైట్లూ పూర్తిగా వెలిగితే మామూలు కండ్లకే చురచురమంటుంది. ఎక్కువైతే ఆర్పేద్దాం అనుకోవడానికి లేదు. పూజలో వెలిగిన వెలుగు మర్నాడు కలశం కదిపేదాకా ఆర్పకూడదన్నది ఆ ఇంట అత్తగారి కాలం నాటి నియమం. నూనె దీపాల కోసం పుట్టిన నియమమే. ఇంట్లోకి కరెంటు వచ్చాక బల్బులకూ పాకింది, ఆ తర్వాత సీరియల్ సెట్లకూ పాకింది. ఆర్పు అనే మాట కూడా ఆ రోజు ఎవరి నోటా రాకూడదు. కాబట్టి మిగిలిన దారి తగ్గించుకోవడం ఒక్కటే.

తగ్గించడం వాసవాంబకు కొత్త కాదు. బాలింత గదికి సన్నటి వెలుతురు కావాలని వచ్చినవాళ్ళకు ఎందరికో ఆమె ఫ్యాను రెగ్యులేటరు చేతిలో పెట్టి, "బల్బుకు ఇది తగిలించు, తిప్పితే తగ్గుతాది" అని చెప్పి పంపింది. అప్పటివి లోపల తీగ ఎర్రబడే బల్బులు. అందరికీ పనిచేసింది, ఒక్కరూ తిరిగొచ్చి తిట్టలేదు. ఇవి ఎల్ఈడీలైతే మాత్రం ఏమైంది, ఇవీ బల్బులే కదా అనుకుంది.

అనుకుందన్న మాటే గానీ మనసులో ఒక పీకులాట ఉంది. బుధవారం హుసేనమ్మ అంగడికి వచ్చినప్పుడు ఆ పీకులాట పైకి తేలింది. హుసేనమ్మ కౌల్‌బజారులో, పందిళ్ళకు లైట్లు వేసే కాంట్రాక్టరు గోదాములో, చెడిపోయిన సీరియల్ సెట్లకు ప్రాణం పోసే మనిషి. పీర్లకు మొక్కుకుంటే పుట్టిందని తల్లి ఆ పేరు పెట్టుకుంది. టంకం తీగ కోసం నెలకు రెండు తూర్లు అంగడికి వస్తుంది. ఏటా పండగనాడు తాంబూలానికీ వస్తుంది. లైట్ల కడుపులో ఏముందో ఊళ్ళో ఆమెకు తెలిసినంత ఇంకొకరికి తెలియదు.

"హుసేనమ్మా" అని పిలిచింది వాసవాంబ, ఆమె మెట్లు దిగుతుంటే.

"ఏందమ్మా?"

సీరియల్ సెట్టుకు రెగ్యులేటరు పెట్టొచ్చా అని అడగాలి. పెట్టొచ్చనో పెట్టకూడదనో చెబుతుంది. కొట్టుకోకూడదమ్మా అంటే, ఎందుకు కొట్టుకోకూడదని అడుగుతుంది. అడిగితే ఏం చెప్పాలి?

"ఏం లేదు. శుక్రవారం మరిచిపోకుండా రా."

హుసేనమ్మ నవ్వి వెళ్ళిపోయింది. ఆ ఒక్క ప్రశ్న ఆ రోజే అడిగేసి ఉంటే నాకు ఈ కథ చెప్పే పని ఉండేది కాదు.

శుక్రవారం మధ్యాహ్నం అన్నాలు కాగానే వాసవాంబ కొంగు బిగించింది. అమ్మవారి చుట్టూ సెట్టు అమర్చి, ప్లగ్గుకు ముందు రెగ్యులేటరు తగిలించి, దాన్ని స్విచ్చి బోర్డు పక్కన గోడకు బిగించింది. కరెంటు పోయినా ఇబ్బంది లేకుండా యూపీఎస్ లైనులో పెట్టింది. స్విచ్చి వేసి, బటను ఏడుసార్లు నొక్కి, ఎనిమిదో ఆటకు తెచ్చింది. లైట్లు కదలకుండా నిలబడ్డాయి. వచ్చినవాళ్ళలో ఏ పిల్లవెధవైనా బటను నొక్కితే? నల్ల టేపు తెచ్చి పెట్టెను నాలుగు చుట్లు బిగించి చుట్టింది. రెగ్యులేటరును సగం దాకా తిప్పి చూసింది. వెలుతురు చక్కగా తగ్గింది. మళ్ళీ పెంచింది. తన తెలివికి తనే ముచ్చటపడింది. సగం కన్నా కిందికి తిప్పి చూడాలని ఆమెకు తోచలేదు.

నాలుగున్నరకు పూజ మొదలై ఆరింటికి హారతి అయింది. ముత్తైదువలు రావడం మొదలైంది. అనుష లంగా ఓణీ వేసుకుని, మల్లెపూలు పెట్టుకుని, అమ్మవారికి ఎదురుగా తాంబూలాల పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆ పిల్ల మొహంలో సంతోషం చూసి శ్రుతి రెండుసార్లు వంటింట్లోకి వెళ్ళి కండ్లు తుడుచుకొచ్చింది. వాసవాంబ మాత్రం కూర్చోలేదు. బంధువులు ఎంత పిలిచినా స్విచ్చి బోర్డు దగ్గర్నుంచి కదలలేదు. ఆమె కండ్లు లైట్ల మీద ఒక క్షణం, పిల్ల మీద ఒక క్షణం తిరుగుతున్నాయి. నోరు ఆరిపోతున్నా మంచినీళ్ళకు కూడా పోలేదు.

ఆమె ఆడబిడ్డ నాగవేణి కురుగోడు నుంచి వచ్చింది. అందరికన్నా ముందు తాంబూలం అందుకునే హక్కు ఆడబిడ్డది, ఇంటి నియమాలకు కాపలా కూడా ఆమెదే.

"ఈ తూరి లైట్లేసినావు, కళకళలాడతా ఉండాది వదినా. పోయిన తూరి చూసి నాకు కడుపు తరుక్కుపోయింది. మా అమ్మ ఉండింటే ఒప్పుకొనేదా?" అంది, కూర్చుంటూనే.

"అందుకే ఏసినాలే" అంది వాసవాంబ.

బయట పొద్దు వాలింది. పగటి వెలుతురు పోయేకొద్దీ లైట్ల జోరు పెరిగింది. అద్దాల్లో ఒక్కోటి నాలుగై మెరుస్తున్నాయి. అనుష కండ్లు చికిలించింది. తల పక్కకు తిప్పుకుంది. అవ్వ వైపు చూసి, కొంచెం అన్నట్టు రెండు వేళ్ళు దగ్గరికి చేసి చూపించింది.

వాసవాంబ రెగ్యులేటరు తిప్పింది. సగానికి వచ్చింది. అనుష ఇంకా తగ్గించమన్నట్టు సైగ చేసింది. ఇంకొంచెం తిప్పింది.

లైట్లన్నీ ఒక్కసారి చచ్చి బతికాయి. బతికినవి మాత్రం ఎనిమిదో ఆటలో లేవు. ముందు ఎర్రవి, వెంటనే నీలివి, తర్వాత అన్నీ కలిసి టపటపా కొట్టుకోవడం మొదలుపెట్టాయి. పెట్టెకు మతి పోయింది, మొదటి ఆటకు వచ్చేసింది.

"అబ్బ, బాగుండాయే" అన్నారు ఎవరో.

వాసవాంబ గబుక్కున రెగ్యులేటరును పైకి తిప్పింది. ఆట ఆగలేదు. ఇందాక సన్నగా కొట్టుకున్నవి ఇప్పుడు పూర్తి జోరుతో కొట్టుకుంటున్నాయి. వంగి పెట్టె అందుకుంది. నాలుగు చుట్ల టేపు. బటను ఎక్కడుందో వేలికి తగలడం లేదు. గోరు పెట్టి గీకింది. గోరు విరిగింది గానీ టేపు ఊడలేదు. తను చుట్టిందే, తన చేత్తో అంత బిగించి చుట్టిందే.

తలెత్తి చూసింది. వెలుతురు ఒక కంటికే తగిలితే ప్రమాదం తక్కువని డాక్టరు నేర్పినట్టు, అనుష ఒక కంటిని అరచేత్తో పూర్తిగా మూసేసి మొహం పక్కకు తిప్పింది. తిప్పిన వైపు అద్దం. అందులోనూ అవే లైట్లు. లేద్దామంటే చుట్టూ ఆడవాళ్ళు కిక్కిరిసి కూర్చున్నారు, ఒళ్ళో పళ్ళెం. ఆ పిల్ల కింది పెదవి సన్నగా వణుకుతోంది. భయంతో వణుకుతోందా, లేక అది మొదలవుతోందా?

వాసవాంబ చేయి స్విచ్చి మీద పడింది. పడి ఆగింది. ఎదురుగా నాగవేణి తననే చూస్తోంది. ఇన్నేళ్ళ కాపురంలో పూజనాటి వెలుగును ఆ చేయి ఎన్నడూ ఆర్పలేదు. అత్తగారు మంచం పట్టిన ఏడు కూడా ఆర్పలేదు. ఒక్క క్షణం, అంతే. ఆ ఒక్క క్షణం ఎందుకు ఆగానని ఆమె తర్వాత చాలా రోజులు తనను తాను తిట్టుకుంది.

స్విచ్చి నొక్కేసింది.

హాలంతా మసకబారింది. నూనె దీపాలు రెండూ, వంటింటి ట్యూబులైటూ మిగిలాయి.

"వదినా! ఏం చేసినావు? అమ్మవారి ముందర ఆర్పేసినావే!" అంటూ నాగవేణి లేచి నిలబడింది.

వాసవాంబ వినలేదు. ఆడవాళ్ళను తోసుకుంటూ, ఎవరి కాలో తొక్కుతూ పోయి మనవరాలి ముందు కూలబడింది. రెండు చేతులతో ఆ మొహం పట్టుకుంది.

"అనూ, నన్ను చూడు. నీ పేరు చెప్పు."

"అనుష."

"ఈ పొద్దు ఏం వారం?"

"శుక్రవారం. నాకేం కాలేదవ్వా. చెయ్యి తీయి, గాజులు గుచ్చుకుంటాండాయి."

వాసవాంబకు ఒక్కసారిగా ఊపిరాడింది. చేతులు తీసింది. దేవుడా, దేవుడా అని లోపల అనుకోవడం ఆగలేదు.

"ఆ పిల్లకేమైంది? ఆర్పేంత పని ఏమొచ్చింది?" నాగవేణి వదల్లేదు.

"షార్ట్ అయింది" అంది వాసవాంబ. అబద్ధం నోట్లో తయారుగా ఉంది, తడుముకోవలసిన పని కూడా లేకపోయింది. "వైరు షార్ట్ అయింది. పిల్లకు షాకు కొడతాదేమోనని..."

లైట్లమ్మే మనిషి షార్ట్ అయిందంటే కాదనేవాళ్ళెవరు? అందరూ అయ్యో అన్నారు. వెనక వరసలో కూర్చున్న హుసేనమ్మ మాత్రం సాయం చేద్దామని లేచి, ప్లగ్గు తీసి, పెట్టెను చేతిలోకి తీసుకుని వాసన చూసింది. కాలిన వాసన లేదు.

"షార్ట్ కాలేదమ్మా. ఫ్యాను రెగ్యులేటరు పెట్టినారే దీనికి! ఈ పెట్టెను ఇంత టేపు ఎందుకు చుట్టినారు?"

వాసవాంబ నోరు తెరిచింది. మాట రాకముందే అనుష పళ్ళెం పక్కన పెట్టి లేచి నిలబడింది.

"నాకు ఫిట్స్ ఉండాయి" అంది, అందరికీ వినపడేలా. "లైట్లు కొట్టుకుంటే నాకు వస్తాయి. ఎవరూ బటను నొక్కకూడదని అవ్వ టేపు చుట్టింది."

శ్రుతి వంటింటి గడప మీద నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది. వాసవాంబ మనవరాలి మణికట్టు పట్టుకుంది.

"సుమ్నే ఉండు, మాట్లాడొద్దు. పైకి పద" అంది పళ్ళు బిగించి.

అనుష కదల్లేదు.

"పోయినేడు లైట్లే లేవు కదవ్వా. అప్పుడెందుకు నన్ను పైన కూచోబెట్టినావు? లైట్లకు భయపడినావా, వీళ్ళకు భయపడినావా?"

పిల్ల అడిగినదాంట్లో వంక పెట్టడానికేమీ లేదు. పోయిన ఏడు ఈ హాల్లో పిల్లకు హాని చేసే వెలుతురు ఒక్కటి కూడా లేదు. అయినా పిల్ల మేడ మీద, తలుపు దగ్గరికి వేసుకుని, కింద నవ్వులు వింటూ కూర్చుంది. ఎవరి కోసం? పట్టుకున్న మణికట్టును వాసవాంబ మెల్లగా వదిలేసింది.

"వీళ్ళకే" అంది. "లైట్లకు కాదులేమ్మా. వీళ్ళకే భయపడినా."

హుసేనమ్మ దగ్గరికొచ్చింది. "బుధవారం పిలిచి ఆగిపోయినారు కదమ్మా, ఇదే అడగల్లనుకున్నారా?"

వాసవాంబ తలూపింది.

"ఈ పెట్టెలో గోరంత చిప్పు ఉంటాది. కరెంటు చాలకపోతే అది పడిపోయి, మళ్ళా మొదటి నుంచి లేస్తాది. రెగ్యులేటరు దీనికి కుదరదు. మీ అంగడిలోనే పన్నెండు వోల్టుల ఎల్ఈడీ పట్టీలు ఉండాయి, అడాప్టరు ఉండాది, ఆ రెంటికీ మధ్యన పెట్టే డిమ్మరు ఉండాది. దాంట్లో ఆటలుండవు. మీరే కదమ్మా దసరాకు మాకు అమ్మింది?"

అమ్మింది నిజమే. పేరు తెలుసు, ధర తెలుసు, ఏ అరలో ఉందో తెలుసు. దేనికో మాత్రం ఎప్పుడూ అడగలేదు. వాసవాంబ అంగడిలో ఉన్న కొడుక్కు ఫోను చేసి పట్టీలు, అడాప్టరు, డిమ్మర్లు తెమ్మంది. నాగేంద్ర కారణం అడగబోతే, "ఉన్నవన్నీ తీసుకురా, అంతే" అని పెట్టేసింది.

అతను వచ్చేలోపు పావుగంట. ఆ పావుగంట కన్నా పెద్దది ఆమె జీవితంలో ఇంకోటి లేదు. కొందరు పిల్లలకు అన్నం పెట్టాలంటూ లేచారు. కొందరు గుసగుసలాడారు. నాగవేణి తలుపు దగ్గరికి జరిగి నిలబడింది గానీ వెళ్ళలేదు.

నాగేంద్ర సామాను తేగానే హుసేనమ్మ పాత సెట్టు తీసేసి పట్టీ చుట్టింది, అడాప్టరు పెట్టింది, మధ్యలో గుండ్రటి పిడి ఉన్న డిమ్మరు బిగించింది. అనుషను వంటింట్లో అటువైపు తిరిగి నిలబడమంది. డిమ్మరు సన్నగా తిప్పింది. వెలుతురు కదలకుండా వచ్చింది. వాసవాంబ అమ్మయ్య అనబోయింది.

"ఆగండమ్మా." హుసేనమ్మ ఫోనులో కెమెరా తెరిచి లైట్లకు ఎదురుగా పట్టింది. తెర మీద నల్లటి చారలు పైనుంచి కిందికి పాకుతున్నాయి. "చూసినారా? చవక రకం. కొట్టుకుంటానే ఉండాది. కంటికి కనపడదు, తలకు తెలుస్తాది. ఇది వద్దు."

రెండోది బిగించింది. ఫోను పట్టింది. చారలు లేవు. ఎక్కువ చేసింది, బాగా తగ్గించింది, మళ్ళీ పట్టింది. తెర శుభ్రంగా ఉంది. ఫోనును వాసవాంబ చేతికిచ్చింది. ఆమె రెండు నిమిషాలు రెప్ప వేయకుండా చూసింది.

ఇక పిలవాలి. పిలవకపోతే ఎవరూ తప్పు పట్టరు. ఇంకా రెండు నెలలే కదా, ఈ ఒక్క సాయంత్రం వంటింట్లో ఉంటే ఏం పోయింది? ఇరవై రెండు నెలల మాత్రలు, ఇరవై రెండు నెలల భయం, ఒక్క వైరు తప్పుతో మళ్ళీ మొదటికి వస్తే? కానీ పిల్ల అడిగిన ప్రశ్న ఇంకా చెవిలోనే ఉంది.

"అనూ, రామ్మా."

అనుష ఒక కన్ను అరచేత్తో మూసుకుని వచ్చింది. అమ్మవారి ముందు నిలబడి, కాసేపు ఆగి, చేయి తీసింది. వాసవాంబ లైట్లను చూడలేదు, ఆ పిల్ల పెదవులనూ వేళ్ళనూ చూస్తూ నిలబడింది. ఏమీ కాలేదు. అనుష వంగి డిమ్మరు పిడి పట్టుకుని, తన కంటికి ఎంత హాయిగా ఉంటే అంతకు తగ్గించుకుంది.

"బాగుండాది" అంది. తర్వాత పళ్ళెం తీసుకుని తాంబూలాలు ఇవ్వడానికి బయలుదేరింది. ఆకులు, వక్కలు, అరటిపండ్లు, నానిన శెనగలు, రవికె గుడ్డ. మొదటిది ఆడబిడ్డకు. తలుపు దగ్గరికి పోయి నాగవేణి ముందు తాంబూలం చాపింది.

నాగవేణి చేతులు కొంగు లోపలికి పోయాయి.

"ఏమనుకోవద్దు వదినా" అంది పిల్లను చూడకుండా. "మా కోడలు కడుపుతో ఉండాది. ఇట్లాంటివి మనకు తెలీవు కదా. ఇంకోసారి తీసుకుంటాలే."

తాంబూలం పట్టుకున్న చేయి గాలిలో ఉండిపోయింది. ఇన్నాళ్ళుగా వాసవాంబ భయపడింది సరిగ్గా దీనికే. దీన్ని తప్పించడానికే అబద్ధాలాడింది, పిల్లను మేడెక్కించింది, హుసేనమ్మను అడగాల్సిన మాట మింగేసింది, మనవరాలి ప్రాణం మీదికి తెచ్చింది. ఇప్పుడది వచ్చేసింది. ఒక ఆడమనిషి రెండు చేతులు కొంగులో దాచుకుంది, ఇంతే దాని పరిమాణం. వాసవాంబకు కోపం వచ్చింది. నాగవేణి మీద కొంచెమే, మిగిలిందంతా తన మీదే.

"నీ ఇష్టం నాగవేణీ. బస్సుకు టైమయితాండాది, జాగ్రత్తగా పోయి రా" అంది. "అనూ, చెయ్యి నొస్తాది. పక్కన వాళ్ళకియ్యి."

అనుష పక్కకు తిరిగింది. ఆ తర్వాత పక్కనున్నావిడ కొంగు చాపింది, ఆ వెనకావిడ చాపింది, హుసేనమ్మ టంకం మరకలున్న చేతులు తుడుచుకుని కొంగు చాపింది. కొందరు కండ్లు తప్పించి గుమ్మం దాటిపోయారు.

అందరూ పోయాక, శ్రుతి పళ్ళెం వంటింట్లో దించి లెక్కపెట్టింది. నలభై కట్టారు, పదకొండు మిగిలాయి. ఆమె కండ్లనిండా నీళ్ళు పెట్టుకుంటే, వాసవాంబ వచ్చి ఆ పదకొండింటినీ ఒక్కొక్కటిగా చూసింది. తర్వాత గట్టు మీద కూర్చుని అరటిపండు తింటున్న మనవరాలి ముందు నిలబడింది.

"ఈ పదకొండు మందికి భయపడి నిన్ను పైన కూచోబెట్టినా. తప్పు నాదేనే" అంది.

అనుష పండు నమిలి మింగింది.

"వచ్చే ఏడు ఇరవై తొమ్మిదే కడదాంలే అవ్వా" అంది.